డౌన్ సిండ్రోము పిల్లలలో రోగనిరోధక శక్తి

లండను నగరమునకు దక్షిణమున, సర్రే మండలములో, ఎర్ల్స్‌వుడ్ అను చోట ఒక పెద్ద ఆశ్రమము ఉండెను. మనోవికాసము కుంటుపడిన పిల్లలను, పెద్దలను అందు ఉంచి పోషించుచుండిరి. 1858లో జాన్ లాంగ్డన్ డౌన్ అను యువవైద్యుడు ఆ ఆశ్రమమునకు అధికారిగా వచ్చెను. వేర్వేరు కుటుంబములనుండి వచ్చిన కొందరు పిల్లలు ముఖమునందును, నడతయందును ఒకరినొకరు మిక్కిలి పోలియుండుటను ఆయన గమనించెను. 1866లో ప్రకటించిన ఒక వ్యాసములో వారి లక్షణములను వర్ణించెను. ఆ వర్ణన ముగింపులో, వీరు అల్పాయుష్కులనియు, వీరికి క్షయవ్యాధి వచ్చు స్వభావము హెచ్చనియు వ్రాసెను. తల్లిదండ్రులకు ఉండిన క్షయయే పిల్లల ఈ స్థితికి మూలమని ఆయన అభిప్రాయము.

డౌన్ చూచినది నిజమే. కాని ఊహించిన కారణము సరియైనది కాదు. క్షయ వలన ఈ స్థితి కలుగలేదు. ఈ స్థితిలో పుట్టినవారికే క్షయ, న్యుమోనియా మొదలగు అంటువ్యాధులు సులభముగ సోకుచుండెను. ఎందుచేత? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు నూరు సంవత్సరములకు పైగా పట్టినది. ఆ అన్వేషణలో ఒక ఘట్టమున, ఈ పిల్లల రక్తమే లోకములోని పిల్లలందరికి పనికివచ్చు ఒక టీకాకు మార్గము చూపినది.

డౌన్ చేసిన మరియొక పొరపాటును కూడ ఇచ్చట చెప్పవలెను. ఈ పిల్లల కనుల తీరు చూచి, వారిని మంగోలు జాతితో పోల్చి ఆయన పేరు పెట్టెను. జాతికిని ఈ స్థితికిని ఏ సంబంధమును లేదు. ఇది అన్ని దేశములలోను, అన్ని కులములలోను కనిపించును. 1961లో పందొమ్మిదిమంది శాస్త్రజ్ఞులు ఆ పేరును విడువవలెనని ఒక వైద్యపత్రికకు లేఖ వ్రాసిరి. మంగోలియా దేశ ప్రతినిధుల కోరికపై 1965లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని మానివేసెను. అప్పటినుండి డౌన్ సిండ్రోము అను పేరు స్థిరపడినది. సిండ్రోము అనగా కలిసి కనిపించు లక్షణముల సముదాయము.

స్థలదోషమా? దేహదోషమా?

1929 నాటి లెక్కల ప్రకారము డౌన్ సిండ్రోముతో పుట్టిన శిశువు సగటు ఆయుర్దాయము సుమారు 9 సంవత్సరములు. 1949 నాటికి అది సుమారు 12 సంవత్సరములకు పెరిగెను. ఊపిరితిత్తుల వ్యాధులు, గుండె లోపములు వారి మరణములకు ముఖ్య కారణములు. నాటి వైద్యులలో అనేకులు ఇది ఆ పిల్లల నొసటి వ్రాతయని ఊరకుండిరి.

అయితే ఆలోచింపదగిన విషయమొకటి కలదు. ఆ కాలమున ఐరోపా, అమెరికా దేశములలో ఇట్టి పిల్లలను చిన్నతనముననే ఇంటినుండి పంపివేసి పెద్ద ఆశ్రమములలో ఉంచుచుండిరి. ఒకే గదిలో పదులకొలది మంచములు ఉండెడివి. ఒకరికి దగ్గు వచ్చినచో అందరికి వచ్చెడిది. అట్టి చోట ఆరోగ్యవంతుడైన పిల్లవాడు కూడ తరచు జబ్బు పడును. కావున దోషము స్థలమునదా, దేహమునదా అని తేల్చుట సులభము కాదు.

దేహములో కూడ పైకి కనబడు కారణములు కొన్ని కలవు. ఈ పిల్లల ముక్కు, గొంతు, చెవి లోపలి దారులు ఇరుకుగ నుండును. కండరముల బిగువు తక్కువగుటచే దగ్గి కఫమును బయటికి నెట్టు బలము చాలదు. దాదాపు సగము మందిలో పుట్టుకతోనే గుండె నిర్మాణములో లోపముండును. వీనివలననే ఊపిరితిత్తుల జబ్బులు వచ్చుచున్నవని చెప్పినను తప్పుకాదు. వీటికి తోడు రక్తములోని రక్షణ వ్యవస్థయే వేరుగ నున్నదా అను ప్రశ్నకు సమాధానము చెప్పుటకు రెండు విషయములు తెలియవలెను. ఈ స్థితికి మూలమేమి? రోగనిరోధక వ్యవస్థ ఎట్లు పని చేయును? ఈ రెండును 1950 తరువాతనే తెలియవచ్చినవి.

నలుబది ఏడవ క్రోమోసోము

మానవుని జీవకణములో 46 క్రోమోసోములు ఉండునని 1956లో జియో, లెవాన్ అను శాస్త్రజ్ఞులు స్వీడనులో నిర్ధారించిరి. అంతవరకు 48 అని అందరును నమ్ముచుండిరి. మూడు సంవత్సరములలోపల పారిస్ నగరమునుండి మరియొక వార్త వచ్చెను. డౌన్ సిండ్రోము గల పిల్లల కణములలో 47 క్రోమోసోములు ఉన్నవని జెరోమ్ లెజూన్, మార్త్ గోత్యే, రేమాన్ ట్యుర్పాన్ 1959లో ప్రకటించిరి. జీవకణములను గాజుపాత్రలలో పెంచు పనిని ఆ ఆసుపత్రిలో నెలకొల్పినది మార్త్ గోత్యే. ఆమె పాలు ఎంతటిదో చాల కాలము లోకమునకు తెలియలేదు. అదే సంవత్సరము ఎడింబరోలో పట్రీషియా జేకబ్స్, ఆమె సహచరులు కూడ స్వతంత్రముగ ఇదే విషయమును కనుగొనిరి.

అధికముగ నున్నది 21వ క్రోమోసోము. అది రెండునకు బదులు మూడు ఉండును. ఒక్కొక్క క్రోమోసోములో అనేక జన్యువులు ఉండును. ఒక్కొక్క జన్యువు ఒక్కొక్క మాంసకృత్తుకు మూస వంటిది. రెండు మూసలు ఉండవలసిన చోట మూడు ఉన్నచో, ఆ మాంసకృత్తు సుమారు ఒకటిన్నర రెట్లు తయారగును. పప్పులో ఉప్పు ఒకటిన్నర రెట్లు పడినచో రుచి ఏమగునో తెలిసినదే. ఏ దినుసును చెడ్డది కాదు. పాళ్ళు తప్పుటయే చిక్కు. కావున ప్రశ్న ఇట్లు మారినది: రోగనిరోధక శక్తికి సంబంధించిన జన్యువులు 21వ క్రోమోసోములో ఏవి ఉన్నవి?

ఆస్ట్రేలియా ప్రతిజనకము

ఈ ప్రశ్నకు జన్యుశాస్త్రము సమాధానము చెప్పకముందే, అనుకొనని దిక్కునుండి ఒక ఆధారము దొరికినది. బరూక్ బ్లంబర్గ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వేర్వేరు దేశముల ప్రజల రక్తమును సేకరించి, అందలి మాంసకృత్తుల భేదములను పరిశీలించుచుండెను. ఆస్ట్రేలియా ఆదివాసి ఒకని రక్తరసిలో ఒక క్రొత్త పదార్థము కనిపించెను. దానికి ఆస్ట్రేలియా ప్రతిజనకము అని పేరు పెట్టిరి. అమెరికాలో ఆరోగ్యవంతుల రక్తములో అది బహు అరుదు. ల్యూకేమియా అను రక్త క్యాన్సరు గల రోగులలో మాత్రము తరచుగ కనిపించెను. ఈ సంగతి 1965లో ప్రచురింపబడెను.

బ్లంబర్గ్ ఇట్లు తర్కించెను: ఈ పదార్థమునకును ల్యూకేమియాకును సంబంధమున్నచో, ల్యూకేమియా వచ్చు అవకాశము హెచ్చుగ నున్నవారిలో కూడ ఇది కనిపించవలెను. డౌన్ సిండ్రోము పిల్లలలో ల్యూకేమియా ఇతరులకంటె అనేక రెట్లు హెచ్చు. ఈ సంబంధమును గూర్చి క్రివిట్, గుడ్ అను వైద్యులు 1957లోనే వ్రాసియుండిరి. కావున ఆశ్రమములలోని డౌన్ సిండ్రోము వారి రక్తమును పరీక్షించిరి. నూటికి సుమారు ముప్పదిమందిలో ఆ పదార్థము ఉండెను. ఊహ ఫలించినట్లే తోచెను.

కాని 1966లో ఒక విచిత్రము జరిగెను. మొదటి పరీక్షలో ఆ పదార్థము లేని ఒక డౌన్ సిండ్రోము యువకుని రక్తములో, కొన్ని నెలల తరువాత అది కనిపించెను. పుట్టుకతో వచ్చు లక్షణమైనచో నడుమ వచ్చి చేరదు. అతనిని ఆసుపత్రిలో చేర్చి పరీక్షింపగా కాలేయము వాచినట్లు తేలెను. ఆస్ట్రేలియా ప్రతిజనకము వంశపారంపర్య లక్షణము కాదు, కామెర్లు కలిగించు ఒక వైరసు పైపొర అని క్రమముగ స్పష్టమయ్యెను. 1967లో బ్లంబర్గ్ బృందము ఈ సంబంధమును ప్రకటించెను. నేడు హెపటైటిస్-బి అని పిలువబడు వ్యాధికి కారణమైన వైరసు అదియే. దాత రక్తములో ఈ వైరసును గుర్తించి, రక్తము ఎక్కించుట వలన వచ్చు కామెర్లను నివారించుటకు అప్పుడు వీలు కలిగెను. 1976లో బ్లంబర్గ్‌నకు నోబెల్ బహుమానము లభించెను.

స్థలమా, దేహమా అను పాత ప్రశ్నకు ఇందులో సమాధానము కలదు. పెద్ద ఆశ్రమములలో పెరిగిన డౌన్ సిండ్రోము వారిలో ఈ వైరసు హెచ్చుగ నుండెను. తల్లిదండ్రులతో ఇంట పెరిగినవారిలో అరుదుగ నుండెను. అనగా వైరసు సోకుటకు కారణము స్థలము. అయితే అదే ఆశ్రమములో, అదే గదులలో నివసించిన ఇతర పిల్లలు చాలమంది వైరసును జయించి, దానిని రక్తమునుండి తొలగించుకొనిరి. డౌన్ సిండ్రోము పిల్లలలో అది ఏండ్ల తరబడి నిలిచిపోయెను. వారికి కామెర్లు పైకి కనబడుట కూడ తక్కువ. ఇది మొదట శుభలక్షణముగ తోచును గాని కాదు. ఈ వ్యాధిలో కాలేయమునకు కలుగు బాధ చాలవరకు వైరసు వలన గాక, వైరసు చేరిన కణములపై దేహరక్షణ కణములు చేయు దాడి వలన వచ్చును. దాడి మందముగ నున్నచో బాధ తక్కువ, కాని శత్రువు ఇంటనే ఉండును. అనగా వైరసు తొలగకపోవుటకు కారణము దేహము. స్థలము, దేహము రెండును ఒకదానికొకటి తోడైనవని ఇట్లు తెలిసినది.

ఈ కాలమునకు చెందిన మరియొక సంగతిని దాచరాదు. న్యూయార్కులోని విల్లోబ్రూక్ అను ఆశ్రమములో, 1956 మొదలుకొని పదునైదు సంవత్సరముల దాక, సాల్ క్రూగ్‌మన్ బృందము మనోవికాసము కుంటుపడిన పిల్లలకు ఉద్దేశపూర్వకముగ కామెర్ల వైరసును ఎక్కించి పరీక్షలు జరిపెను. కామెర్లు రెండు రకములనియు, వేడిచేసిన రక్తరసి కొంత రక్షణ ఇచ్చుననియు ఆ పరీక్షలలో తేలిన మాట నిజము. తల్లిదండ్రుల అంగీకారము తీసికొంటిమని వారు చెప్పిరి. కాని తమకు జరుగునది తెలియని పిల్లలపై అట్టి పరీక్షలు జరుపుట అన్యాయమని తరువాత తీవ్రమైన విమర్శ వచ్చెను. ఆశ్రమము కిక్కిరిసినది గావున ఎట్లైనను వైరసు సోకునని వారు చెప్పిన సమర్థన, ఆశ్రమమును బాగుచేయవలసినదను మాటకే బలము నిచ్చెను. ఆ ఆశ్రమము 1987లో మూతపడెను.

హెపటైటిస్-బి టీకాకు 1981లో అమెరికాలో అనుమతి లభించెను. మొదట దానిని వైరసు గల మనుష్యుల రక్తమునుండి తీసి శుద్ధిచేయుచుండిరి. 1986లో ఈస్టు కణములలో తయారు చేసిన టీకా వచ్చెను. ఆ విధమైన టీకాను భారతదేశములో మొట్టమొదట తయారుచేసినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ. వరప్రసాదరెడ్డి నెలకొల్పిన ఆ సంస్థ 1997లో టీకాను విడుదల చేయగా, సామాన్యులకు అందని దాని ధర దిగివచ్చెను. తరువాత అది జాతీయ టీకా కార్యక్రమములో చేరెను. తెలుగునాట పుట్టిన శిశువుకు నేడు వేయు ఈ టీకా చరిత్రలో, ఎక్కడో ఆశ్రమములలో పెరిగిన డౌన్ సిండ్రోము పిల్లల రక్తపు బొట్టు కూడ ఉన్నది.

థైమస్ గ్రంథి చెప్పిన సంగతి

ఇక దేహములోని తేడా ఏమి? రొమ్ము ఎముక వెనుక, గుండెకు పైభాగమున థైమస్ అను గ్రంథి కలదు. చిన్నతనములో అది పెద్దదిగ నుండి, వయస్సు వచ్చినకొలది కుంచించుకొనిపోవును. 1961 వరకు దాని పని ఏమో ఎవరికిని సరిగ తెలియదు. ఆ సంవత్సరము లండనులో జాక్ మిల్లర్, అప్పుడే పుట్టిన చిట్టెలుకలనుండి థైమస్‌ను తీసివేసి చూచెను. అవి అంటువ్యాధులకు లోనై కృశించెను. థైమస్ ఒక పాఠశాల వంటిదని క్రమముగ తేలినది. ఎముకల మజ్జలో పుట్టిన కొన్ని తెల్ల రక్తకణములు ఇచ్చటికి వచ్చి, పరాయి పదార్థమేదో, స్వంత దేహమేదో గుర్తించుట నేర్చుకొని బయటికి వచ్చును. వీనిని టి-లింఫోసైటులు అందురు. ప్రతిరక్షకములను తయారుచేయునవి బి-లింఫోసైటులు.

డౌన్ సిండ్రోము పిల్లల థైమస్ చిన్నదిగ నుండుట, అందు లింఫోసైటులు పలుచగ నుండుట పరిశోధకులు గమనించిరి. 1979లో లెవిన్, ఆయన సహచరులు ఈ విషయమును వివరముగ ప్రచురించిరి. దీనికి రెండు వ్యాఖ్యానములు వచ్చినవి. మాటిమాటికి వచ్చు జబ్బులవలన గ్రంథి త్వరగ అలసి ముసలిదైనదని కొందరనిరి. పుట్టుకతోనే అట్లున్నదని కొందరనిరి. ఇదియు పాత ప్రశ్నయే, క్రొత్త రూపములో వచ్చినది.

2005లో నెదర్లాండ్సులోని పరిశోధకులు వేర్వేరు వయస్సుల డౌన్ సిండ్రోము పిల్లల రక్తములో లింఫోసైటులను లెక్కించి, ఇతర పిల్లల లెక్కలతో పోల్చిరి. సామాన్యముగ శిశువు లోకములోనికి వచ్చి క్రిములను ఎదుర్కొనగనే మొదటి సంవత్సరములలో లింఫోసైటులు విశేషముగ పెరుగును. డౌన్ సిండ్రోము శిశువులలో ఆ పెరుగుదల బహు స్వల్పము. టి-లింఫోసైటుల సంఖ్య కాలక్రమమున ఇతరులతో సమానమగుటకు వచ్చును. బి-లింఫోసైటులు మాత్రము తక్కువగనే ఉండును. మొదటినుండియే తక్కువగ నున్నవి గనుక ఇది అలసట మాత్రమే కాదు, పుట్టుకతో వచ్చిన తేడా అని నిశ్చయించిరి. టీకాలకు ఈ పిల్లలలో పుట్టు ప్రతిరక్షకములు కొన్నిసార్లు తక్కువగ నుండుటకు కూడ ఇదియే హేతువు. అయినను టీకాలు వారికి రక్షణ ఇచ్చును. కావున అవి ఇతరులకంటె వీరికే మరింత అవసరము.

ఎల్లప్పుడు మ్రోగు ఘంట

1957లో లండనులో ఐజాక్స్, లిండెన్మన్ అనువారు ఇంటర్‌ఫెరాన్ అను పదార్థమును కనుగొనిరి. వైరసు చేరిన కణము దీనిని విడుదలచేసి ప్రక్క కణములను హెచ్చరించును. ఆ హెచ్చరికను అందుకొను ద్వారములు కణముల పైపొరలో ఉండును. 1973లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయములో టాన్, రడిల్ మొదలగువారు, ఇంటర్‌ఫెరాన్‌కు కణము చూపు స్పందన 21వ క్రోమోసోముపై ఆధారపడియున్నదని కనుగొనిరి. మూడు 21వ క్రోమోసోములు గల కణములు ఇంటర్‌ఫెరాన్‌కు హెచ్చుగ స్పందించునని మరుసటి సంవత్సరము వారు చూపిరి. ఈ ద్వారముల భాగములకు మూసలైన ఆరు జన్యువులలో నాలుగు 21వ క్రోమోసోములోనే ఉన్నవని తరువాత తెలిసినది.

హెచ్చరిక హెచ్చుగ వినబడినచో రక్షణయు హెచ్చు కావలెను గదా! కాని జరుగునది వేరు. 2016లో కొలరాడోలోని ఎస్పినోసా బృందము, డౌన్ సిండ్రోము గలవారి కణములలో వైరసు లేనప్పుడు కూడ ఇంటర్‌ఫెరాన్ హెచ్చరిక జరుగుచున్నట్లు ప్రకటించెను. 2022లో న్యూయార్కు శాస్త్రజ్ఞులు మరియొక అడుగు ముందుకు వేసిరి. మొదటి స్పందన అతిగ నుండుటచే దానిని అణచు యంత్రాంగము కూడ అతిగ పని చేయుననియు, ఆ పిమ్మట వచ్చు హెచ్చరికకు కణము సరిగ కదలదనియు వారు చూపిరి. దొంగలు లేని రాత్రులలో కూడ తలారి కేకలు వేయుచున్నచో, నిజముగ దొంగలు పడిన నాడు ఊరివారు లేవరు. డౌన్ సిండ్రోము గలవారిలో థైరాయిడ్ గ్రంథి వంటి స్వంత అవయవములపై దేహరక్షణ కణములు దాడి చేయుట హెచ్చుగ నుండుటకు కూడ ఈ ఎడతెగని హెచ్చరిక ఒక కారణమని భావింపబడుచున్నది.

ఇది పుస్తకములకు పరిమితమైన విషయము కాదు. 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించినప్పుడు, ఇంగ్లండులో డౌన్ సిండ్రోము గల పెద్దలకు ఆ వ్యాధివలన మరణము సంభవించు అపాయము ఇతరులకంటె సుమారు పది రెట్లు అని లెక్క తేలెను. ఆ సంవత్సరమే వారిని ప్రత్యేకముగ కాపాడవలసినవారి జాబితాలో ఆ దేశము చేర్చెను. పిల్లలలో సామాన్యమైన శ్వాసవైరసులు కూడ వీరిని హెచ్చుగ ఆసుపత్రి పాలు చేయుచుండును.

పాఠశాలలో

క్రోమోసోము మారలేదు. థైమస్ మారలేదు. కాని ఆయుర్దాయము మారినది. అమెరికాలో డౌన్ సిండ్రోము గలవారు మరణించు మధ్యస్థ వయస్సు 1983లో 25 సంవత్సరములు. 1997 నాటికి 49 అయినది. నేడు అభివృద్ధిచెందిన దేశములలో వీరిలో అనేకులు అరువది ఏండ్లు జీవించుచున్నారు. పిల్లలను ఆశ్రమములలో గాక ఇంట పెంచుట, గుండెకు శస్త్రచికిత్స, యాంటిబయోటిక్ మందులు, టీకాలు - ఇవియే ఈ మార్పునకు ముఖ్య కారణములు. నొసటి వ్రాతయని ఒకప్పుడు విడిచిన దానిలో చాల భాగము మనుష్యులు సరిదిద్దగలిగినదే.

ఈ చరిత్రలో ఉపాధ్యాయులకు పనికివచ్చు సంగతి యొకటి కలదు. డౌన్ సిండ్రోము గల పిల్లవానికి జలుబు తరచు వచ్చును. దానితో కర్ణభేరి వెనుక నీరు చేరి నిలిచిపోవును. నొప్పి ఉండకపోవచ్చును. కాని వినికిడి తగ్గును. పిలిచినను పలుకనప్పుడు, చెప్పిన మాట తిరిగి చెప్పలేనప్పుడు, బుద్ధి చాలలేదని గురువు అనుకొనును. పిల్లవానికి మాట వినబడియుండకపోవచ్చును. ముందు వరుసలో కూర్చుండబెట్టి, ముఖము చూచుచు మాటలాడి, చెవి పరీక్ష చేయించుమని తల్లిదండ్రులకు చెప్పినచో, ఆ పిల్లవాడు నేర్చుకొనునది ఎంతో హెచ్చును. 1866లో డౌన్ చూచి కూడ కారణమును పొరబడెను. తరగతి గదిలో ఆ పొరపాటు మరల జరుగనక్కరలేదు.